బటన్ ఫోన్ కొనుక్కుంటే సరిపోతుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పెళ్లయి నాలుగేళ్లయింది. మార్చిలో నెల తప్పింది కానీ ఎనిమిదో వారంలో పోయింది. నేను సెలవు పెట్టి పడుకుంటే మా అత్తగారికి వైరల్ ఫీవర్ అని మావారే చెప్పారు. ఇప్పటికీ మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. అప్పటినుంచి రాత్రిళ్లు ఫోన్‌లో దాని గురించే వెతుకుతున్నాను. మొన్న శుక్రవారం అత్తగారు టీవీలో లలితా సహస్రనామం పెట్టుకుంటే మధ్యలో సంతాన సాఫల్య కేంద్రం యాడ్ వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆవిడ నా వైపు చూసి ఊరుకున్నారు. ఆదివారం మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఏ హాస్పిటల్లో చూపించుకుంటున్నావు వదినా?" అంది. వంటింట్లో థైరాయిడ్ గురించి మాట్లాడుకుంటే సాయంత్రానికి ఫోన్‌లో బ్లడ్ టెస్టుల యాడ్. నెలసరి తేదీల కోసం పెట్టుకున్న యాప్‌లో అప్పట్లో గర్భం సంగతి కూడా నమోదు చేశాను. అది ఇప్పుడు "ఈ వారం మీ బిడ్డ నిమ్మకాయంత ఉంది" అని మెసేజ్ పంపింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ అన్నీ డిలీట్ చేసి బటన్ ఫోన్ కొనుక్కుంటానంటే మావారు "మనం దాచుకునేదేముంది, అంత సీన్ లేదు" అని నవ్వుతున్నారు. నాది చాదస్తమా?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: చాదస్తం కాదమ్మా. మీరు ఎవరికీ చెప్పని మాట మీ ఇంటి టీవీ చెప్పేసినట్టయింది. ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ముందు ఆ టీవీ సంగతే చూద్దాం. బిగించడానికి వచ్చిన అబ్బాయి "మేడమ్, ఏదో ఒక జీమెయిల్ చెప్పండి" అని అడిగి ఉంటాడు, చేతిలో ఫోన్ ఉంది కాబట్టి మీది చెప్పి ఉంటారు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. టీవీలో యూట్యూబ్ తెరిస్తే ఒక మూల చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది, చూడండి. అందులో మీ పేరులోని మొదటి అక్షరం కనిపిస్తే అత్తగారు సహస్రనామం వింటున్నది మీ అకౌంట్‌లో. కాకపోయినా, ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే వైఫై మీద నడుస్తుంటే ఒకరి కోసం వేసిన యాడ్ ఇంకొకరికి తగలడం మామూలే.

ఆ యాడ్ మీరు రాత్రిళ్లు వెతికినందుకే వచ్చిందని కూడా అనుకోనక్కర్లేదు. ఆరోగ్య సమస్యలను బట్టి మనుషులకు గురిపెట్టకూడదని గూగుల్ తన ప్రకటనదారులకు నియమం పెట్టింది. వయసు, ఆడా మగా, ఊరు చూసి మాత్రం వేసుకోనిస్తుంది. ముప్పై దాటిన ఆడమనిషి అకౌంట్ అయితే చాలు, ఏమీ వెతక్కపోయినా ఆ కేంద్రాల యాడ్లు రావచ్చు. అంటే ఆ యాడ్ వల్ల మీ ఆడపడుచుకు తెలిసిందేమీ లేదు. ఊహించి అడిగింది, మీరు తడబడితే ఖాయం చేసుకుంటుంది.

ఫోన్ మన మాటలు వింటుందా అని నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. 2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. దొంగచాటుగా మైక్ ఆన్ చేసి మాటలు పంపించే యాప్ ఒక్కటీ దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం తమలో మనం చేసేది తెర మీదే ఫొటోలు, వీడియో తీసి బయటి కంపెనీలకు పంపడం బయటపడింది. వంటింట్లో మాట్లాడుకున్నాక మీరో మీవారో "థైరాయిడ్ ఎంత ఉండాలి" అని టైపు చేసి ఉంటారు. గూగుల్ నియమం ఎలా ఉన్నా, మిగతా యాడ్ కంపెనీలకు అది చాలు.

ఇక డిలీట్. ఫేస్‌బుక్ అకౌంట్ తీసేయమంటే 30 రోజులు ఆగుతుంది. ఈలోపు లాగిన్ అయి రద్దు చేసుకుంటే మళ్లీ మొదటికి. ఆ తర్వాత మీ వివరాలన్నీ వాళ్ల కంప్యూటర్ల నుంచి పోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. పోయాక మాత్రం మీరు కనబడకుండా పోతారా అంటే, లేదు. లక్షలాది వెబ్‌సైట్లలో ఫేస్‌బుక్ వాళ్ల చిన్న కోడ్ ముక్క ఉంటుంది. మీరు ఆ పేజీకి వెళ్లిన సంగతి అది అక్కడికి చేరవేస్తుంది. అకౌంట్ లేనివాళ్ల సమాచారం కూడా భద్రత కోసం సేకరిస్తామని ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ 2018లో అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నాడు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నేను ఆగిపోయింది నిమ్మకాయ దగ్గర. టీవీ కంటే, ఆడపడుచు కంటే మిమ్మల్ని ఎక్కువ కోసింది అదేనని నా అనుమానం. చిత్రంగా మీరు తీసేస్తానన్న జాబితాలో ఆ యాప్ లేదు. ఫేస్‌బుక్ మానేసి దాన్ని ఉంచుకోవడమంటే వీధి తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసి పెట్టడమే. ఫ్లో అనే నెలసరి యాప్‌ను కోట్లమంది ఆడవాళ్లు వాడుతున్నారు. వాళ్ల వివరాలను అది ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకు పంచిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపిస్తే, 2021లో ఆ కంపెనీ రాజీకి వచ్చింది.

కాబట్టి మొదట పోవాల్సింది ఆ యాప్. ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు, అది మీ ఫోన్‌ని వదుల్తుందే కానీ మీ వివరాలను వదలదు. లోపలికి వెళ్లి సెట్టింగ్స్‌లో అకౌంట్, డేటా డిలీట్ చేయమని అడిగి, ఆ తర్వాత తీసేయండి. మన దేశంలో 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. అందులో ముఖ్యమైనవి అమలుకావడానికి మరో 18 నెలల గడువు పెట్టారు, అంచేత చట్టం చూసుకుంటుందిలే అని కూర్చోకండి. తేదీలకు హ్యాండ్‌బ్యాగులో చిన్న నోట్‌బుక్ చాలు. మా అమ్మ వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టేది. ఆ చుక్కలు మా నాయనమ్మ కూడా లెక్కపెట్టేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందుకే గోడ క్యాలెండర్ చెప్పడం లేదు.

గూగుల్ అకౌంట్‌లో మై యాడ్ సెంటర్ అని ఉంటుంది. అందులో సున్నితమైన అంశాల కింద గర్భం, పిల్లల పెంపకం యాడ్లు తగ్గించమని అడగొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, యాడ్స్ అని ఉన్నచోట అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. అరగంట పని. యాడ్లు ఆగవు కానీ మిమ్మల్ని పేరు పెట్టి పిలిచినట్టు ఉండటం తగ్గుతుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా మానాలనిపిస్తే మానేయండి, నాకు అభ్యంతరం లేదు. నేనూ 2018లో, కోట్లమంది ఫేస్‌బుక్ వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార సంస్థ చేతికి వెళ్లాయన్న గొడవప్పుడు కోపంతో నా అకౌంట్ మూసేశాను. ప్రశాంతంగానే ఉంది. కాకపోతే కాలేజీ స్నేహితురాలు పోయిన సంగతి నెల తర్వాత తెలిసింది. వాట్సాప్ మాత్రం ఇప్పుడే వద్దు. టీచర్లు కదా, స్కూలు కబుర్లన్నీ అందులోనే వస్తాయి. 2016 నుంచి అందులో మాటలు, మెసేజ్‌లు తాళం వేసే వెళుతున్నాయి. ఎవరితో, ఎప్పుడు మాట్లాడారన్నది మాత్రం కంపెనీకి తెలుస్తుంది. అది మీకు సమ్మతమో కాదో మీరే చూసుకోండి. బటన్ ఫోన్ కొన్నా టీవీ ఇంట్లోనే ఉంటుంది, ఆడపడుచు కూడా.

మీవారి మాటకు వస్తాను. వైరల్ ఫీవర్ అని చెప్పిన మనిషి "దాచుకునేదేముంది" అనడం ఏమిటి? దాచడం ఆయనకి బాగా తెలుసు, అవసరమైనప్పుడు చక్కగా దాచారు. ఏది ఎవరికి చెప్పాలో మనిషి తనే నిర్ణయించుకోవచ్చన్నదానికి సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల తీర్పుతో ప్రాథమిక హక్కు హోదా ఇచ్చింది. తీర్పు సంగతి ఆయనకి చెప్పక్కర్లేదు. మార్చి సంగతి గుర్తుచేయండి, చాలు. ఆయన నవ్వు వెనక కూడా దుఃఖం ఉండొచ్చు, మగవాళ్లు కొందరు అలాగే తప్పించుకుంటారు. ఒక రాత్రి ఫోన్లు రెండూ హాల్లో పెట్టి కూర్చోండి. అత్తగారికి చెప్పాలా వద్దా, చెబితే ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఇద్దరూ కలిసి తేల్చుకోండి. చెప్పకూడదనుకుంటే ఆడపడుచుకు "చెప్పాల్సింది ఉంటే నేనే చెప్తానమ్మా" అని ఒక్క ముక్క చాలు, రెండో ముక్క వద్దు.

ఇంకొకటి. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలా పోతూనే ఉంటాయి. మీరు చేసిన తప్పేదో వెతకడం కోసం రాత్రి ఒంటిగంట దాకా మేలుకోకండి. ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆయన్నీ తీసుకెళ్లండి. పరీక్షలంటూ చేయించుకుంటే ఇద్దరూ చేయించుకోండి, మగవాళ్ల పరీక్ష మీవాటికంటే చాలా తేలిక. అక్కడ అడిగినవి ఫోన్‌ని అడగక్కర్లేదు కాబట్టి కంపెనీలకు చేరేదీ తగ్గుతుంది.

ఈలోపు టీవీలోంచి మీ జీమెయిల్ తీసేసి మీవారిది పెట్టండి. దాచుకునేదేముంది అన్నారు కదా. వచ్చే శుక్రవారం సహస్రనామం మధ్యలో ఏం యాడ్లు వస్తాయో అత్తగారితోపాటు ఆయన్నీ కూర్చుని చూడమనండి.