చేప పడలేదా, చేపే చెడిందా?

ప్రశ్న: సముద్రపు చేపల వంటకాలకు పేరున్న ఒక రెస్టారెంటుకు నేను, నా స్నేహితురాలు భోజనానికి వెళ్లాము. ట్యూనా వేపుడు తిన్న అరగంటలోపే ఆమెకు ముఖం, మెడ ఎర్రబడి, విపరీతమైన తలనొప్పి మొదలైంది. చిన్నప్పటి నుంచీ చేపలు తింటున్న ఆమెకు ఇప్పుడు కొత్తగా ఎలర్జీ వచ్చిందంటారా? రొయ్యలు తిన్న నాకేమీ కాలేదు.

జవాబు: ఎలర్జీ పెద్ద వయసులోనూ మొదలు కావచ్చు కనుక దానిని పూర్తిగా కొట్టిపారేయలేము, అయితే మీరు చెప్పిన లక్షణాలను బట్టి ముందుగా అనుమానించవలసింది హిస్టమిన్ (ఎలర్జీ వచ్చినప్పుడు మన శరీరమే విడుదల చేసే రసాయనం) విషప్రభావాన్ని. ట్యూనా, కానాగంత వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే ఎమైనో ఆమ్లం అధికంగా ఉంటుంది. పట్టిన చేపను వెంటనే చల్లబరచకపోతే బాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మార్చివేస్తుంది; ఆ తరువాత ఎంత వేయించినా, ఉడికించినా అది పోదు. రంగులో, వాసనలో తేడా కనిపించకపోవచ్చు కనుక వంటవారినొక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమంటే మాత్రం ఆ ముక్కను అక్కడితో వదిలేయాలి.

ఈ బాధ చాలామందిలో కొన్ని గంటల్లోనే తగ్గుతుంది. ఊపిరి అందకపోయినా, పెదవులు, నాలుక వాచినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. డాక్టరు పరీక్షించి తేల్చేవరకు ఆమె చేపలకు దూరంగా ఉండడమే క్షేమం. మీరు తిన్నవి రొయ్యలు కనుక మీకేమీ కాకపోవడం దేనికీ రుజువు కాదు; అదే పళ్లెంలోని ట్యూనాను మీరూ రుచి చూసి ఉంటే కొంత ఆధారం దొరికేది!