దగ్గినప్పుడు మూత్రం జారుతోంటే ఆపరేషనే మార్గమా?

మీకు నలభై రెండేళ్లనీ, రెండవ కాన్పు తరువాత నుంచి దగ్గినా, తుమ్మినా మూత్రం జారిపోతోందనీ, రెండు నెలలు కీగల్ వ్యాయామాలు (కటి కండరాలను బిగించి వదలడం) చేసినా గుణం కనిపించలేదు కనుక ఇక ఆపరేషన్ తప్పదేమోననీ రాశారు. ఇదే బాధను నేను ఆరేళ్లు ఎవరికీ చెప్పకుండా భరించాను. ఒకసారి ధైర్యం చేసి అడిగితే, కాన్పులైన ఆడవాళ్లకు ఇది మామూలేనని ఒక డాక్టరు తేల్చేశారు. ఎక్కువమందికి ఉండే మాట నిజమే కానీ, అంతమాత్రాన చికిత్స లేదని కాదు.

ముందుగా మీది ఏ రకమో తెలియాలి. దగ్గుతోనో, బరువు ఎత్తడంతోనో పొట్టలో ఒత్తిడి పెరిగిన క్షణాన మూత్రం జారడం ఒక రకం. మూత్రనాళాన్ని కింది నుంచి పట్టి ఉంచే కటి కండరాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం కాన్పులతో వదులు కావడం దీనికి ముఖ్యమైన కారణం. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర పుట్టి, మరుగుదొడ్డికి చేరేలోపే కారిపోవడం రెండవ రకం. ఇందులో మూత్రాశయం నిండకముందే దాని గోడ కండరం తనంతట తాను బిగుసుకుంటుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మొదటిదానికి చేసే ఆపరేషన్ రెండవదాన్ని తగ్గిస్తుందని అనుకోకూడదు, కాబట్టి ఈ తేడా తేలకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఇది తేల్చడానికి నాకు పనికివచ్చింది ఒక నోటుపుస్తకం, ఒక కొలత గ్లాసు. మూడు రోజులపాటు ఎప్పుడు, ఎంత తాగానో, ఎంత మూత్రం పోశానో, ఏం చేస్తుండగా జారిందో రాశాను. దగ్గినప్పుడే జారుతోందని గట్టిగా నమ్మిన నాకు, గంటగంటకూ "ఎందుకైనా మంచిది" అనుకుంటూ వెళ్లి 100 మిల్లీలీటర్లు కూడా పోయడం లేదని ఆ పేజీలు చూశాకే అర్థమైంది. భయంతో నీళ్లు తాగడం కూడా తగ్గించేశాను. మూత్రం చిక్కబడితే మూత్రాశయం మరింత చికాకు పడుతుందని అప్పటికి నాకు తెలియదు. ఆ పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లండి. ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవడానికి మూత్రపరీక్ష కూడా చేయించుకోండి. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా రాకపోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఇక వ్యాయామాల విషయం. నేనూ నెలల తరబడి చేశాను, తప్పుగా చేశాను. ఫిజియోథెరపిస్ట్ గ్లవ్స్ వేసుకున్న వేలితో పరీక్షించినప్పుడు, ఊపిరి బిగబట్టి కండరాన్ని కిందికి నెడుతున్నాను తప్ప పైకి లాగడం లేదని బయటపడింది. "మూత్రాన్నీ గాలినీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగండి, పొట్ట, తొడలు, పిరుదులు వదులుగానే ఉండాలి, ఊపిరి ఆడుతూనే ఉండాలి" అని ఆమె చెప్పగా, నాలుగో ప్రయత్నంలో ఆ చిన్న కదలిక మొదటిసారి నాకు తెలిసింది. 1948లో ఈ వ్యాయామాలను ప్రచురించిన ఆర్నాల్డ్ కీగల్ సైతం, కండరం బిగుస్తోందో లేదో స్త్రీ తానే చూసుకునేలా ఒత్తిడిని కొలిచే పరికరం వాడించారు. ఆ భాగాన్ని వదిలేసి మనం పేరు మాత్రమే మిగుల్చుకున్నాం. సరైన పద్ధతిలో ఒక్కో విడతకు కనీసం 8 సార్లు చొప్పున రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకండి. తుమ్ము రాబోతోందని తెలిసిన క్షణాన ముందే బిగించడం అలవాటు చేసుకోండి; నాకు మొదట ఫలితం కనిపించింది ఇక్కడే.

నా బాధలో తొందరకు సంబంధించిన సగభాగానికి, మరుగుదొడ్డికి వెళ్లే వ్యవధిని పావుగంట చొప్పున పెంచుతూ ఆరు వారాలకు పైగా సాధన చేశాను, కాఫీ, టీ తగ్గించాను. అది చాలనివారికి సాలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మాత్రలున్నాయి. మొదటిదానితో నోరు ఎండిపోవడం, మలబద్ధకం రావచ్చు, రెండవది వాడేవారు రక్తపోటు చూసుకుంటూ ఉండాలి. నెలసరి ఆగిపోయినవారికి యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము కొంత మేలు చేస్తుంది.

ఆపరేషన్ చెడ్డదని నేననను. సరిగా మూడు నెలలు చేశాక కూడా దగ్గితే జారుతూనే ఉంటే అది మంచి మార్గమే, అయితే ఇంకా పిల్లలు కావాలనుకునేవారు సాధారణంగా వాయిదా వేసుకోవడం మేలు. మూత్రనాళం కింద కృత్రిమ మెష్ (వల లాంటి) పట్టీ పెడతారా, మీ శరీరంలోని కణజాలంతోనే ఆధారం కడతారా అని సర్జన్‌ను అడగండి. మెష్‌తో చాలామంది బాగుపడినా, కొందరిలో అది యోని గోడను ఒరుసుకుని బయటికి రావడం, తగ్గని నొప్పి వంటి సమస్యలు వచ్చాయి, పూర్తిగా తీయడం కష్టం. ఇంగ్లండ్‌లో 2018లో దాని వాడకాన్ని నిలిపి ఉంచారు. నాకు అంతవరకు అవసరం రాలేదు. ఐదో నెలకు ప్యాడ్ మానేశాను. గట్టి జలుబు చేసినప్పుడు మాత్రం ఇప్పటికీ ఒకటి పెట్టుకుంటాను.