మూట ఒక్కసారే విప్పించు

చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య అంది, "వాడు అడిగింది ఒక్క ముక్క, మీరు చెప్పింది గంటసేపు. ఇంతకీ వాడికేమైనా అర్థమైందంటారా?" అని. అర్థమై ఉండదు. అందుకే కాగితం తీశాను.

బంగ్లాదేశ్ సరిహద్దులో రెండు దేశాల కస్టమ్స్ వాళ్లూ కలిసి ఒకేసారి తనిఖీ చేసేలా చూడమని మీ మిర్చి ఎగుమతిదారులంతా ఒక నోట్ ఇద్దామనుకున్నారు, అది రాసే పని నీ నెత్తిన పడింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాఫ్ట్ చదివాను. నాలుగు పేజీల్లో "సౌలభ్యం" అన్న మాట పదకొండుసార్లు ఉంది. "టిక్కీ" అన్న మాట, అదే మన మిర్చి గోనెమూట పేరు, ఒక్కసారీ లేదు. అబ్బయా, టిక్కీ లేని మిర్చి నోట్ ఎవరు చదువుతారు?

తంబుచెట్టి వీధిలో ముప్పై ఐదేళ్లు కస్టమ్స్ క్లియరింగ్ పని చేశాను. మాది ఎక్కువగా ఓడల సరుకే. పొద్దున్నే కాళికాంబాళ్ అమ్మవారికి ఓ దణ్ణం పెట్టుకుని, ఫైళ్లు చంకన పెట్టుకుని రాజాజీ సాలైలో కస్టమ్స్ హౌస్‌కి నడిచి వెళ్లడమే నాకు తెలిసిన ఉద్యోగం. భూసరిహద్దు సంగతి నాకు తెలిసిందల్లా ఒకే ఒక్క లారీతో. అప్పుడు తిన్న దెబ్బ చెప్తే నీ నోట్‌లో ఏం రాయాలో నీకే తెలుస్తుంది.

తొంభైల చివర్లో, గుంటూరు పార్టీ ఒకాయన "మీరే దగ్గరుండి దాటించండి" అని బతిమాలితే బంగ్లాదేశ్ సరిహద్దులో మన వైపు గేటు, పెట్రాపోల్ వెళ్లాను. రెండొందల టిక్కీల తేజ, బాగా కారమున్న మిర్చి రకం. బనగావ్ ఊళ్లో లాడ్జిలో దిగాను. మన వైపు కస్టమ్స్ వాళ్లు పది టిక్కీలు దింపించి, కుట్టు విప్పించి, చేతులు పెట్టి చూసి, శాంపిల్ తీసుకుని సరే అన్నారు. హమాలీ దబ్బనంతో మళ్లీ పురికొస కుట్టాడు. గుంటూరులో మిషన్ కుట్టు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటుందా, ఇతగాడి కుట్టు వేలెడు దూరానికొకటి. లారీ గేటు దాటి అవతలి వైపు బేనాపోల్ యార్డులోకి వెళ్లింది. అక్కడ వాళ్ల ఆఫీసరు మొదట చూసింది ఆ కుట్టే. ఈ పది మూటలూ ఎందుకు తెరిచారు, ఏం తీశారు, ఏం పెట్టారు అన్నాడు. మా వాళ్లు తనిఖీ చేశారని కాగితం చూపిస్తే, అది మీ కాగితం అన్నాడు. ఆయన తప్పేం లేదు, అది నిజంగానే మా కాగితం. ఇంకో ఇరవై టిక్కీలు విప్పించాడు. ఆషాఢ మాసం, పైన టార్పాలిన్ ఉన్నా పక్కనుంచి జల్లు. ముప్పై మూటల మిర్చి చెమ్మ పట్టింది. కొనుక్కున్నవాడు అవి నాకొద్దన్నాడు. గుంటూరాయన ఆ డబ్బు నా ఫీజులో కోసుకున్నాడు.

ఇందులో నా తప్పూ ఒకటుంది. ఇన్‌వాయిస్‌లో టిక్కీ ఒక్కింటికి 45 కేజీలని రాశాను. ప్యాకింగ్ లిస్టు టైపు చేసిన కుర్రాడు గోనె బరువు తీసేసి 44 చిల్లర వేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి నేను చూసుకోలేదు. బేనాపోల్ ఆఫీసరు చూశాడు. పది మూటలతో పోయేది ముప్పై దాకా వెళ్లడానికి సగం కారణం ఆ అరకేజీ తేడా.

కాబట్టి నోట్ మొదటి పేజీలో ఇదే పెట్టు: మా టిక్కీ దారిలో ఇన్నిసార్లు విప్పుతున్నారు, ఇన్నిసార్లు కుడుతున్నారు, ఇంత తరుగు పోతోంది. మీ సభ్యుల దగ్గర గత సీజన్ లారీల లెక్క తీసుకో. గాలి లెక్కలు వద్దు. పైనుంచి ఒక్క లెక్క కావాలంటే, పెట్రాపోల్ బేనాపోల్ దగ్గర సరుకు దాటడానికి 138 గంటలు పడుతోందనీ, అందులో 28 గంటలు ఒక లారీ నుంచి ఇంకో లారీకి మార్చడానికే పోతున్నాయనీ ప్రపంచ బ్యాంకు 2021లో రాసింది. తూర్పు ఆఫ్రికాలో అంతే రద్దీ ఉన్న సరిహద్దుల్లో ఆరు గంటల లోపే అవుతోందని కూడా అందులోనే ఉంది. ఆ పక్కన మీ సొంత లారీల గంటలు పెట్టు. అవే ఎక్కువ పనిచేస్తాయి.

ఇక నీ డ్రాఫ్ట్‌లో మూడు వేరువేరు సంగతుల్ని కలిపి సాంబారు చేశావు. ఇద్దరు ఆఫీసర్లూ ఒకే మూట చుట్టూ ఒకే వేళకి నిలబడి చూడడం ఒకటి. అది ఉమ్మడి తనిఖీ. రెండు దేశాల ఆఫీసులూ ఒకే వైపు ఉండి, లారీ ఒక్కచోటే ఆగడం ఇంకొకటి. జాంబియా, జింబాబ్వే మధ్య చిరుండు దగ్గర 2009 డిసెంబర్ నుంచి నడుస్తున్నది అది. జాంబియాకి పోయే లారీ జాంబియా వైపే ఆగుతుంది, జింబాబ్వేకి పోయేది జింబాబ్వే వైపు. మూడోది, ఒక దేశం ఆఫీసరే రెండో దేశం పని కూడా చేసిపెట్టడం. నార్వే, స్వీడన్ వాళ్లు 1959 నాటి ఒప్పందంతో ఇప్పటికీ అలాగే చేసుకుంటున్నారు. నార్వే ఐరోపా యూనియన్‌లో లేకపోయినా సరే. నువ్వు మొదటిది అడుగుతూ మూడో దాని లాభాలు రాశావు. చదివిన ఆఫీసరు నవ్వుకుంటాడు.

మొదటిదే అడుగు. రెండోదీ మూడోదీ కావాలంటే పరాయి దేశపు ఆఫీసరు మన నేల మీద సరుకు ఆపొచ్చా, జప్తు చేయొచ్చా అన్న ప్రశ్న వస్తుంది. దానికి చట్టం కావాలి. చిరుండు కోసం ఆ రెండు దేశాలూ చట్టాలు చేసుకున్నాయి. మీ సంఘం ఒక నోట్‌తో సాధించే పని కాదది.

ప్రపంచ వాణిజ్య సంస్థ, అదే డబ్ల్యూటీవో వాళ్ల వాణిజ్య సులభతర ఒప్పందం ఒకటుంది, 2017 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. మన దేశమూ బంగ్లాదేశూ రెండూ అందులో ఉన్నాయి. దాని 8వ అధికరణలో, సరిహద్దు పంచుకునే దేశాలు ఏమేం చేయొచ్చో వరస పెట్టారు. ముందు పనిదినాలు, పనివేళలు కలుపుకోవడం. తర్వాత పద్ధతులు, కాగితాలు కలుపుకోవడం. తర్వాత ఉమ్మడి వసతులు. నాలుగోది ఉమ్మడి తనిఖీ. చివర్న ఒకే చెక్‌పోస్టు. "వీలైనంత వరకు" అన్న మెలిక ఎటూ ఉంది కాబట్టి దాన్ని చూపించి గద్దించలేవు. కానీ ఆ వరస మాత్రం నాకు భలే నచ్చింది. ఎవరో లారీ వెనక నిలబడి రాసినట్టుంది. నువ్వు సరాసరి నాలుగో మెట్టు ఎక్కుతానంటున్నావు.

మొదటి మెట్టు చూడు. మన గడియారంలో పది అయితే వాళ్లకు పదిన్నర. వాళ్లకు వారపు సెలవు శుక్ర, శనివారాలు. మనకు ఆదివారం. గేటు ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉందని కాగితం మీద ఉంటుంది, కానీ బ్యాంకు తెరవాలి, ల్యాబ్ తెరవాలి, మొక్కల క్వారంటైన్ ఆఫీసరు సీట్లో ఉండాలి. వారంలో మూడు రోజులు ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉంటారు. సోమవారం నుంచి గురువారం వరకు రోజూ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా రెండు వైపుల కస్టమ్స్, క్వారంటైన్ వాళ్లూ మిర్చి కోసం ఒకే షెడ్డులో ఉండాలని అడుగు. రెండు దేశాల టైమూ రాయి. అరగంట తేడాకి లంచ్ బ్రేక్‌లు కూడా కలవవు, నవ్వకు.

శాంపిల్ సంగతి మీద ఒక పేజీ మొత్తం ఖర్చు పెట్టినా తప్పులేదు. ఇద్దరూ కలిసి మూట చూసి, తర్వాత ఎవరి శాంపిల్ వాళ్లు ఎవరి ల్యాబ్‌కి వాళ్లు పంపుకుంటే ఆ కలవడం ఫొటో కోసమే. మిర్చికి అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం చూస్తారు, తేమ చూస్తారు. ఒకే టిక్కీలో పైనున్న కాయకీ అడుగున ఉన్న కాయకీ తేడా వస్తుంది. ఇక రెండు ల్యాబుల్లో రెండు ఫలితాలు రావడంలో వింతేముంది? కాబట్టి శాంపిల్ ఇద్దరి ఎదుట ఒక్కసారే తీయాలి, అక్కడే మూడు భాగాలు చేసి రెండు సీళ్లూ వేయాలి. ఒకటి వాళ్లకి, ఒకటి మనకి, ఒకటి తగాదా వస్తే తెరవడానికి. తర్వాత ఆ మూట నోటికి కుట్టు వేసి, కుట్టు మీద ఇద్దరి సీల్ ఉన్న చీటీ కట్టాలి. నా ముప్పై మూటలకి ఆ చీటీ ఉండి ఉంటే!

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ లారీ తెరవాలో మన వైపు కంప్యూటర్ ఎంచుతుంది. ఎగుమతులకు 2013 నుంచీ రిస్క్ చూసి ఎంచే పద్ధతి ఉంది మనకు. వాళ్ల వైపు ఎంపిక వేరు. మనవాళ్లు మూడో లారీ తెరుద్దామంటే వాళ్లు ఏడోది అంటారు. అప్పుడు "ఉమ్మడి" అంటే రెండు లారీలూ తెరవడం అవుతుంది. మనం అడిగి మరీ తనిఖీ రెట్టింపు చేయించుకున్నట్టే. ముందురోజే రెండు జాబితాలూ కలిపి, ఒక్క జాబితా గేటు దగ్గరికి రావాలని స్పష్టంగా రాయి.

అందుకే పైలట్, అంటే ముందు చేసి చూసే ప్రయోగం, చిన్నదిగా అడగమంటాను. ఒక్క సరుకు, ఒక్క గేటు, ఒక్క సీజన్. సరుకు ఎండుమిర్చి, అదీ కాయే. పొడి వద్దు, దాని కస్టమ్స్ కోడ్ వేరు. 090421 అనే ఆరంకెలు రెండు దేశాల్లోనూ ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఎవరివి వాళ్లవి. వీలైతే రైలు సరుకుతో మొదలుపెట్టమని అడుగు. కరోనా టైమ్‌లో, 2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కి పార్సిల్ రైల్లో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది, గుర్తుందా? లారీలు ఆగిపోయిన రోజులవి. రైల్లో అయితే అందరి సరుకూ ఒక్కసారే వస్తుంది, ఒక్కచోటే తెరుస్తారు. రెండు వైపుల వాళ్లూ పని నేర్చుకోవడానికి అంతకంటే తేలికైన చోటు నాకు కనబడడం లేదు.

రాజకీయం సంగతి కూడా మర్చిపోకు. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మన నూలును భూమార్గంలో రానివ్వనంది. మే నెలలో మనం వాళ్ల రెడీమేడ్ బట్టల్ని భూమార్గంలో ఆపేశాం. ఆ ముందు ఏడాది అక్టోబర్‌లోనే పెట్రాపోల్‌లో మైత్రీ ద్వార్ అని ఉమ్మడి కార్గో గేటు తెరిచారు. గేటు ఉంది, మాట లేదు అన్నట్టయింది. కాబట్టి నోట్‌లో స్నేహం, సౌభ్రాతృత్వం లాంటివి రాయకు. గాలి మారితే ఆ మాటలే ముందు పాతబడతాయి. తేమ శాతం, కుట్టు, గంటలు, ఇవి ఎవరొచ్చినా మారవు.

సరిహద్దులో పాత పద్ధతి మీద బతికేవాళ్లున్నారు. పార్కింగ్ వాళ్లు, విప్పి కుట్టే హమాలీలు, రెండు వైపుల ఏజెంట్లు. వాళ్లకు తెలియకుండా నోట్ పైకి పంపితే మొదటి రోజే హమాలీలు పని ఆపేస్తారు. ముందు ఒకసారి బనగావ్ వెళ్లి వాళ్ల మేస్త్రీలతో కూర్చో. విప్పే కూలి తగ్గితే ఎక్కించే కూలి ఎంత పెంచుతారో మీ సభ్యుల్ని అడిగి మరీ వెళ్లు. చాయ్ పానీ ఖర్చు గురించి నేను కాగితం మీద రాయను. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే చేతులు కాస్త ముడుచుకుంటాయి, అంతమట్టుకు చాలు.

చివరిగా మీ ఇంటి పని. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, పురుగూ తెగులూ లేవని చెప్పే ఫైటో సర్టిఫికెట్, అక్కడి పార్టీ బ్యాంకు ఇచ్చే ఎల్‌సీ, ఈ ఐదూ బల్ల మీద పరిచి సరుకు పేరు, టిక్కీల లెక్క, గోనెతో బరువు, గోనె లేకుండా బరువు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో మీ సభ్యులు ఒక నెలపాటు చూసుకోవాలి. తొడిమతోనా, తొడిమ తీసిందా అన్నది కూడా. తాలు, అంటే రంగు పోయిన కాయ, ఎంత శాతమో కూడా. ఇవి కలవకపోతే ఇద్దరు ఆఫీసర్లు కాదు, నలుగురు కలిసి నిలబడినా మూట రెండోసారి విప్పుతారు.

డ్రాఫ్ట్ మార్చి ఆదివారం తీసుకురా. ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో నా కళ్లకు ఆనదు. రెండు పేజీలు దాటితే చదవను. వచ్చేటప్పుడు మిషన్ కుట్టు ఉన్న టిక్కీ మూతి ముక్క ఒకటి కోసి పట్రా, చేతికుట్టుది నా దగ్గర ఉంది. ఆ రెండూ కలిపి ఫొటో తీసి నోట్‌కి జత చేద్దాం.

మీ అమ్మకు ఈసారి ఆవకాయ తేజతో పెట్టొద్దని చెప్పు, పోయినసారిది మీ అత్తయ్యకి పడలేదు.

ఇట్లు,
మావయ్య