ఓడ ఎక్కేముందు రోములో రెండు రోజులు

చెల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదు. ఓడ ప్రయాణం గురించి నీకు భయమేం లేదు, కొడుకూ కోడలూ పక్కనే ఉంటారు. నీ భయమంతా వాళ్ళు రావడానికి ముందు రోములో ఒంటరిగా గడపాల్సిన ఆ రెండు రోజుల గురించే. "టిక్కెట్టు తక్కువకి వచ్చిందని రెండ్రోజులు ముందే దింపుతున్నాడక్కా, నేనేం చేయను అక్కడ?" అన్నావు. నాలుగేళ్ళ కింద నేనూ అలాగే దిగాను. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. ప్రింటు తీయించి సంచిలో పెట్టుకో, ఫోను చార్జింగ్ అయిపోయినా కాగితం పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. నీ టిక్కెట్టు మీద "రోమ్" అని ఉంటుంది కానీ ఓడ రోములో ఉండదు. రోముకు సముద్రం ఆనుకుని లేదు. ఓడలు ఆగేది చివితావెక్కియా అనే రేవు ఊళ్ళో, రోము నుంచి డెబ్బై కిలోమీటర్ల పైమాటే. నల్లగొండలో ఉండి హైదరాబాదులో బండి ఎక్కడానికి వెళ్ళినట్టు అనుకో. ఈ సంగతి తెలియక మూడో రోజు పొద్దున హోటల్లో తాపీగా టిఫిను చేసి "ఓడ ఎటు?" అని అడిగినవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

నాకు తెలిసి కూడా దెబ్బ తగిలింది. ఆ చివరి రోజు పొద్దున "ఇంకొక్క చర్చి చూసొద్దాం" అని బయల్దేరాను. వెళ్ళేసరికి తలుపు వేసేస్తున్నారు. అక్కడ చాలా చర్చీలు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి, మూడింటికో నాలుగింటికో తీస్తారు, మన గుళ్ళలాగే. ఉసూరుమంటూ స్టేషనుకు వస్తే బోర్డు మీద నా రైలు ఎదురుగా ఎర్రక్షరాలు. సమ్మె! వాళ్ళ మాటలో "షోపెరో". ఆ ముక్క గోడల మీదా తెరల మీదా కనబడితే గుర్తుపట్టు. ఇటలీలో రైలు సమ్మెలు ముందే ప్రకటించి చేస్తారు. మామూలు పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని లోకల్ రైళ్ళు తప్పనిసరిగా నడపాలని నియమం ఉంది. ఇది తెలిసి ఉంటే పొద్దున ఎనిమిదింటికే వెళ్ళిపోయేదాన్ని. తెలియక, నాలాగే దిక్కులు చూస్తున్న ముసలి దంపతులతో కలిసి టాక్సీ మాట్లాడుకున్నాను. నా వాటా ఎంతయిందో మీ బావకు ఇప్పటికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అందుకని మూడో రోజు పొద్దున నువ్వేమీ చూడొద్దు. లేచావా, స్నానం చేశావా, పెట్టె పట్టుకుని బయల్దేరావా, అంతే. చివితావెక్కియా వెళ్ళే లోకల్ రైళ్ళు రోము పెద్ద స్టేషను టెర్మినిలో చాలావరకు పాతిక దాటిన ప్లాట్‌ఫారాల నుంచి ఉంటాయి. అవి స్టేషన్ ఒక కొసన, పెట్టె లాక్కుంటూ పది నిమిషాల నడక. కాగితం టిక్కెట్టు కొంటే రైలెక్కేముందు అక్కడున్న చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టిక్కెట్టు ఉన్నా జరిమానాయే. దిగాక స్టేషను బయట నుంచి లార్గో దెల్లా పాచే అనే చోటికి బస్సుంటుంది. అక్కడి నుంచి ఓడ దాకా రేవు వాళ్ళ బస్సు ఉచితం. పెద్ద పెట్టెలు ఓడవాళ్ళు ముందే తీసుకుంటారు, అవి నీ గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. బీపీ మాత్రలు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. ఓడ ఎవరికోసమూ ఆగదు, చెప్పిన టైముకి గంటా గంటన్నర ముందే తలుపు మూసేస్తారు.

వీసా సంగతి మీ పెద్దవాడిని ఇంకోసారి చూడమను. మీ ఓడ టర్కీ వెళ్ళి మళ్ళీ గ్రీసు వస్తుందన్నావు. షెంగెన్ అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరపు దేశాల గుంపు, టర్కీ అందులో లేదు. అంటే నువ్వు బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చినట్టు లెక్క, వీసా మీద ఒక్కసారి ప్రవేశం అని ఉంటే సరిపోదు.

ఇక ఊరు. విమానాశ్రయం నుంచి టెర్మినికి ఎక్కడా ఆగని రైలుంది, అరగంట చిల్లర. నువ్వు ఆ స్టేషను పక్కనే హోటలు తీసుకున్నావు. చూడచక్కని పేట కాదు, రాత్రి తొమ్మిది దాటితే అటూ ఇటూ తిరక్కు. కానీ పెట్టెలు లాగేవాళ్ళకు అంతకంటే వీలైన చోటు లేదు. అక్కడి వీధులు నల్లటి చిన్న రాళ్ళతో పరిచి ఉంటాయి, పెట్టె చక్రాలు వాటి మధ్య ఇరుక్కుంటాయి, కాళ్ళు మడతపడతాయి. చీరలు ఓడలో కట్టుకో, రోములో చుడీదారూ బూట్లూ. పెద్ద చర్చిలోకి వెళ్ళేటప్పుడు భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి, అది మనకు సమస్యే కాదు. హోటలు గది అద్దె కట్టేసినా, నగర పన్ను అని రోజుకింత విడిగా అడుగుతారు. మోసమనుకుని గొడవ పడకు.

సంచిలో నెయ్యి, పాలకోవా పెట్టకు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి తేవడం యూరపులో నిషేధం. కందిపొడి పట్టుకెళ్ళు, అది చాలు.

నేను చేసిన పెద్ద పొరపాటు మొదటి రోజే తొమ్మిది చోట్లు రాసుకోవడం. తొమ్మిదీ చూశాను. ఇప్పుడు అడిగితే నాలుగింటి పేర్లు కూడా సరిగా చెప్పలేను. నువ్వు రోజుకి రెండే పెట్టుకో. మిగతా టైము కూర్చో. పక్కన ఎవరూ లేనప్పుడు ఉన్న సుఖం అదే చెల్లీ, "ఇంక పద" అనేవాళ్ళుండరు. ముప్పయ్యేళ్ళుగా తిరుపతి వెళ్ళినా పెళ్ళికి వెళ్ళినా పిల్లల పాలసీసాలో, మగవాళ్ళ కాఫీలో చూసుకుంటూ తిరిగినవాళ్ళం. నేను పాంథియన్ అనే పాత గుడిలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు.

పాంథియన్ ఒక్కటి మాత్రం మానకు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, అంటే మన శాతవాహనుల నాడు, కట్టిన గుడి. తర్వాత చర్చి అయింది. గుమ్మటం అడ్డం 43 మీటర్ల చిల్లర, నేల నుంచి పైకి కొలిచినా అంతే. ఒక పెద్ద బంతిని లోపల పెడితే సరిగ్గా పడుతుందన్నమాట. ఇనుప చువ్వ లేని కాంక్రీటు, దాదాపు 1900 ఏళ్ళుగా నిలబడి ఉంది. నడినెత్తిన తొమ్మిది మీటర్ల కన్నం, దానికి అద్దం లేదు, మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది. నేలకు సన్నని కన్నాలున్నాయి, నీళ్ళు వాటిలోంచి పోతాయి. ఎండ ఉంటే ఆ కన్నంలోంచి పడ్డ వెలుగు గోడ మీద గుండ్రంగా కూర్చుంటుంది, నువ్వు చూస్తుండగానే కొంచెం కొంచెం జరుగుతుంది. 2023లో టిక్కెట్టు పెట్టినప్పుడు 5 యూరోలు. ఆ డబ్బుకి అంతకంటే మంచిది ఆ ఊళ్ళో దొరకదు.

కొలోసియంకి మెట్రోలో వెళ్ళు, స్టేషను మెట్లెక్కి బయటికి రాగానే మొహం మీదకి వచ్చినట్టు ఎదురుగా ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే టిక్కెట్టు ముందే తీసుకోవాలి, దాని మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. నన్నడిగితే బయటి నుంచి చూడ్డమే బాగుంటుంది. వాటికన్ మ్యూజియం ఈసారికి వదిలెయ్. అక్కడి సిస్టీన్ చాపెల్ పైకప్పు బొమ్మ చూడ్డానికి జనంలో మూడు గంటలు నడవాలి, నీ మోకాళ్ళు నాకు తెలుసు. సెయింట్ పీటర్స్ చర్చి పొద్దున ఏడింటికి తీస్తారు, డబ్బు కట్టక్కర్లేదు, తొందరగా వెళితే వరుస ఉండదు. బుధవారం పొద్దున మాత్రం పోపు దర్శనం ఉంటుంది, ఆ రోజు వద్దు. లోపల కుడివైపు మొదట్లోనే, చచ్చిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న తల్లి విగ్రహం ఉంటుంది, మైఖలాంజిలో చెక్కింది. 1972లో ఒకడు సుత్తి పెట్టి కొట్టాడు, అప్పటి నుంచి అద్దం వెనక ఉంచారు.

దిగిన రోజు సాయంత్రం ఎలాగూ నిద్ర ముంచుకొస్తుంది, దూరం వెళ్ళకు. టెర్మిని ఎదురుగానే పలాజ్జో మాస్సిమో అనే మ్యూజియం ఉంది. సోమవారం సెలవు. జనం తక్కువ. పైఅంతస్తులో ఒక గది గోడల నిండా తోట: దానిమ్మ చెట్లు, పిట్టలు, నీలి ఆకాశం. అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఇంట్లోని గోడలు అవి, రెండువేల ఏళ్ళ నాటి రంగులు. కింది అంతస్తులో పాత నాణేలు. మన దక్కనులో తవ్వితే దొరికిన రోమన్ వెండి నాణేల మీద ఎక్కువగా ఉండేది ఆ అగస్టస్, టైబీరియస్‌ల మొహాలే. మన నల్లగొండ జిల్లాలో కూడా దొరికాయి. మిరియాలకీ బట్టలకీ ఇక్కడికి వచ్చిన డబ్బు. అద్దం అవతల వాటిని చూస్తుంటే, నాకైతే మా బ్యాంకు బ్రాంచి పాత ఖాతాదారులు కనబడినట్టయింది.

తిండి గురించి. నువ్వు శాకాహారివి, జాగ్రత్త. "సెన్‌జా కార్నే, సెన్‌జా పేషే" అను, మాంసం లేకుండా, చేప లేకుండా అని. కార్బొనారా, అమాట్రిచానా అనే పేర్లున్న పాస్తాల్లో పంది మాంసం వేస్తారు. సుప్లీ అని గాజు పెట్టెలో కనబడుతుంది, అచ్చం మన పూర్ణం బూరెలా ఉంటుంది. నోరూరినా అడగకుండా తినకు, చాలా చోట్ల లోపల అన్నంలో మాంసం కలుపుతారు. పిజ్జా ముక్కలు అమ్మే కొట్లు సందుకొకటి ఉంటాయి. ఎంత కావాలో వేలితో చూపిస్తే కత్తెరతో కోసి తూచి ఇస్తారు. "రొస్సా" అంటే చీజు లేకుండా టమాటా మాత్రమే. నేను రెండు పూటలా అదే తిన్నాను, మీద కందిపొడి చల్లుకుని. కాఫీ అడిగితే మన డికాషను చెంచాడు పోసిస్తారు, పాలు కావాలంటే కపుచినో అను. కౌంటరు దగ్గర నిలబడి తాగితే చవక, కుర్చీలో కూర్చుంటే రేటు మారుతుంది. ఇంకో కిటుకు, సిగ్గుపడకుండా చెప్తున్నాను: బాత్రూము అవసరమైతే అలాంటి కొట్టులోకి వెళ్ళి ఒక కాఫీ కొను. మన వయసులో ఊరి పటం కంటే ఇది ముఖ్యం.

నీళ్ళు కొనకు. వీధుల్లో ఇనుప కుళాయిలుంటాయి, వంకర ముక్కులా కిందికి వంగి, పగలూ రాత్రీ కారుతూనే. 1874 నుంచి పెడుతున్నారు, ఊరు మొత్తం మీద రెండున్నర వేలదాకా ఉన్నాయి. తాగే నీళ్ళే. వంగి తాగనక్కర్లేదు. ఆ ముక్కు చివర వేలితో మూసి పట్టుకో, పైన వంపు దగ్గరున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు సన్నగా పైకి ఎగుస్తాయి. నాకిది ఒక ఆరేళ్ళ పిల్ల నేర్పింది. మొదటిసారి జాకెట్టంతా తడిసింది.

దొంగల భయం ఎక్కువ పెట్టుకోకు, కానీ సంచి ముందుకే వేసుకో. టెర్మిని నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. చేతికి రంగు దారం కడతామని వచ్చేవాళ్ళుంటారు. మనకు గుళ్ళో తోరం కట్టించుకునే అలవాటు కదా, నేను చెయ్యి చాపేశాను! ముడి వేసి పది యూరోలన్నాడు. పళ్ళతో కొరికి తెంపి వాడి చేతిలో పెట్టాను. కాళ్ళు నొప్పులు పుట్టి స్పానిష్ మెట్ల మీద కూర్చోబోతావేమో, అక్కడ కూర్చుంటే జరిమానా వేస్తారు. ట్రెవీ ఫౌంటెన్‌కి తెల్లవారుజామున వెళ్ళు, తర్వాత జనమే కనబడతారు. ఏదైనా జరిగితే 112కి ఫోను చెయ్. కొడుక్కి పొద్దునొకసారి, రాత్రొకసారి, ఒకే టైముకి మెసేజీ పెట్టు. మధ్యలో వాడు చేస్తే ఎత్తకపోయినా ఫరవాలేదు.

ఇంకొక్కటి. పాంథియన్ నుంచి నాలుగడుగులు వేస్తే సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ అనే చర్చి ఉంది. మధ్యాహ్నం మూస్తారు, పొద్దునే వెళ్ళు. టిక్కెట్టు లేదు. లోపల ఎడమచేతి వైపు చివరి గది చీకటిగా ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు పక్కన ఒక పెట్టె ఉంది, నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. కరవాజ్జియో అనే చిత్రకారుడు 1600 ప్రాంతంలో వేసిన బొమ్మ. తర్వాత ఏసు శిష్యుడైన మత్తయి అప్పటికి పన్నులు వసూలు చేసేవాడు, బల్ల చుట్టూ మనుషులు, డబ్బు లెక్కలు. కుడివైపు నుంచి ఏసు చెయ్యి చాపి పిలుస్తున్నాడు, బల్ల దగ్గర కొందరు అటు తిరిగారు. ఎడమ కొసన ఒక కుర్రాడు మాత్రం తలెత్తడు. వంచిన తల వంచినట్టే నాణేలు లెక్కపెడుతున్నాడు, వాడి పక్కన కళ్ళజోడు ముసలాయన వాటినే చూస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు క్యాషు కౌంటర్లో కూర్చున్నదాన్ని, వాణ్ణి చూడగానే గుర్తుపట్టాను. మధ్యలో తలెత్తితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

నేనూ వాడితోపాటు లెక్క మొదలుపెట్టాను. సగంలో లైటు ఆరిపోయింది. చేతిలో చిల్లర లేదు. ఒక్క యూరో నాణేలు నాలుగు దగ్గర పెట్టుకుని వెళ్ళు. బల్ల మీద ఎన్ని ఉన్నాయో చూసి నాకు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దక్క