పాత గాలపు కర్రను విప్పి మళ్లీ కట్టుకోవచ్చా?

మీ నాన్నగారి ఫైబర్‌గ్లాస్ గాలపు కర్రకు పైపూత పసుపెక్కి పెచ్చులు లేస్తోందని, గాలపు దారం దూరే రింగులకు తుప్పు పట్టిందని, మధ్యలో ఒక రింగు వదులై కదులుతోందని రాసి, దానిని పూర్తిగా విప్పి మళ్లీ కట్టడం మేలా, కొత్తది కొనుక్కోవడం మేలా అని అడిగారు. విప్పి కట్టుకోండి. ఫైబర్‌గ్లాస్ కర్ర వయసు మీద పడినంత మాత్రాన పనికిరాకుండా పోదు. పాతబడేది దాని మీది దారం, పూత, లోహం మాత్రమే, అవన్నీ మార్చుకోదగినవే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన ఈ గాజునార కర్రలు, 1970వ దశకంలో వచ్చిన కార్బన్ కర్రల కంటే బరువైనవే గాని, దెబ్బకు ఓర్చుకోవడంలో వాటి కంటే ఎంతో గట్టివి.

అయితే విప్పడం అనే పనిని చాలామంది చెత్త ఊడ్చినట్టుగా భావిస్తారు. నా మొదటి రాడ్డును నేనూ అలాగే విప్పాను. రింగును కర్రకు పట్టి ఉంచే దారపు కట్టు మీద బ్లేడు ఆనించి, కర్రను తిప్పుతూ దారాన్ని గుండ్రంగా కోశాను. దారం తేలికగానే ఊడింది, పని త్వరగా అయిందని సంతోషించాను. కొత్త రింగులు కట్టిన రెండో నెలలో, పెద్దదేమీ కాని ఒక చేపను ఒడ్డుకు లాగుతుండగా ఆ రాడ్డు సరిగ్గా ఒక రింగు పాదం దగ్గర, అంటే కర్రకు ఆని కట్టు కింద ఉండే దాని లోహపు భాగం దగ్గర, విరిగింది. విరిగిన చోట చూస్తే వెంట్రుకంత సన్నని గీత కర్ర చుట్టూ కనబడింది. అది నా బ్లేడు గీసిన గీత. వంగే వస్తువు మీద అడ్డంగా పడిన గాటు చిన్నదైనా, వంపులోని ఒత్తిడంతా ఆ గాటు దగ్గరే పోగుపడుతుందని ఆ రోజు నాకు అర్థమయింది.

ఆ తరువాత మా పెదనాన్నగారి రాడ్డు నా చేతికి వచ్చింది. ఏడడుగుల పొడవు, రెండు ముక్కలు, కార్క్ పిడి, ఏడు రింగులు, కొసన ఒకటి. దారం తేనె రంగుకు తిరిగింది, వార్నిష్ గోటితో గీకితే పొడిగా రాలుతోంది. ఈసారి బ్లేడు ముట్టుకోకముందే కాగితం, పెన్సిలు తీసుకున్నాను. కొస నుంచి ప్రతి రింగు ఎంత దూరంలో ఉందో, ఒక్కొక్క కట్టు ఎన్ని మిల్లీమీటర్ల పొడవుందో, ఎక్కడ రంగు మారిందో రాసుకుంటూ వచ్చాను. మిగిలిన కట్లన్నీ దాదాపు ఒకే పొడవున ఉండగా, నాలుగో రింగు కట్టు ఒక్కటే వాటికి రెట్టింపు పొడవుంది. పైగా ఆ రింగు, తన రెండు పొరుగు రింగుల మధ్య ఉండవలసిన చోటి నుంచి వేలెడు కిందికి జరిగి ఉంది. కట్టిన మనిషి చెయ్యి తప్పిందని, నేను సరిచేయవచ్చని మొదట అనుకున్నాను.

బ్లేడును ఈసారి రింగు లోహపు పాదం మీదనే ఆనించి, కర్ర పొడవు వెంబడి మాత్రమే కోశాను. కింద లోహం ఉంటుంది కనుక బ్లేడు కర్రను తాకే అవకాశం లేదు. పాదం మీది దారం తెగగానే రింగు లేచి వచ్చింది. మిగిలిన దారాన్ని జుట్టు ఆరబెట్టే యంత్రంతో కాస్త వెచ్చబరచి, కొస పట్టుకుని లాగుతూ చుట్టు వెంట చుట్టు విప్పాను. నాలుగో కట్టు విప్పుతుండగా పై దారం కింద మరో దారం కనబడింది. అది సన్నని కుట్టుదారం, చుట్టుకూ చుట్టుకూ మధ్య గోరు కూడా దూరనంత బిగువుగా చుట్టినది. దానిని కూడా విప్పితే, కర్ర మీద నిలువుగా, వేలి కణుపంత పొడవున ఒక చీలిక ఉంది. మా పెదనాన్నగారు ఎప్పుడో ఆ చీలికకు కట్టు కట్టి, దాని మీద బరువు పడకుండా రింగును కిందికి జరిపి, ఆ కట్టు మీద మళ్లీ అందమైన కట్టు వేశారు. ఎవరితోనూ చెప్పలేదు. చేపలు పట్టే మనుషులు విరిగిన గాలం గురించి గంటసేపు చెబుతారు గాని, బాగు చేసిన కర్ర గురించి నోరు విప్పరు. నేను రింగుల మధ్య దూరాలు చెప్పే పట్టిక చూసి రింగును "సరైన" చోటికి మార్చి ఉంటే, రాడ్డు ఆ చీలిక దగ్గరే విరిగేది.

అందుకే అడుగుకొక రింగు, పైన కొసకొకటి అనే లెక్కను కొత్త కర్రకు మాత్రమే వాడాలని నా గట్టి అభిప్రాయం. పాత కర్రకు దాని మీద ఉన్న కొలతలే ప్రమాణం. అలాగే, మెరుపు రావాలని కర్రనంతా గరుకు కాగితంతో రుద్దేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. పైనున్న రంగు పొర కింద ఉన్నది గాజునారే, దానిని అరగదీస్తే బలమే అరిగిపోతుంది. గరుకు కాగితం కార్క్ పిడికి చాలు. దానికైనా మెత్తని 220 నంబరుతో మొదలుపెట్టి 400తో ముగించి, గుంటలను కార్క్ పొడిని జిగురుతో కలిపి పూడ్చాలి.

కొస రింగును తీసేటప్పుడు తొందరపడవద్దు. అది సాధారణంగా వేడికి కరిగే జిగురుతో అతికి ఉంటుంది. లోహపు గొట్టానికి కొద్ది క్షణాలు మాత్రమే మంట చూపి, పటకారుతో పట్టుకుని తిన్నగా లాగాలి, మెలితిప్పితే కర్ర కొస చీలుతుంది. రింగులన్నింటి లోపలా ఒక దూది పోగును తిప్పి చూడండి. ఎక్కడ దూది చిక్కుకుంటే అక్కడ పగులో గరుకో ఉన్నట్టు, గాలపు నైలాన్ దారాన్ని కోసేది అదే. కంటికి కనబడని ఈ పగుళ్ల వల్ల పోయిన చేపలకు దారం నాణ్యతను నిందించడం అందరికీ అలవాటు.

కొత్త రింగు పాదాన్ని ఆకురాయితో వాలుగా పలుచన చేస్తేనే దారం కర్ర మీది నుంచి లోహం మీదికి మెట్టు లేకుండా ఎక్కుతుంది. దారపు మొదటి కొసను మొదటి ఐదారు చుట్ల కింద అణచిపెట్టి, చివరి ఆరేడు చుట్లకు ముందు విడిగా ఒక దారపు ఉచ్చును పెట్టి, ఆ చుట్లను దాని మీదుగా వేసి, తెంపిన కొసను ఉచ్చులో దూర్చి లాగితే అది కట్టు కిందికి వెళ్లిపోతుంది. ముడి ఉండదు, ముడి ఉండకూడదు. చుట్ల మధ్య సందులుంటే నున్నని చెంచా కాడతో నెట్టి మూయవచ్చు. పూత పూయకముందే రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయా అని పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి, ఆరిన తరువాత జరపడం కుదరదు. రింగులు కట్టే నైలాన్ దారానికి రంగును కాపాడే ద్రవం ముందుగా రాయకపోతే, పూత తగలగానే రంగు ముదిరి, లోపలి లోహపు పాదం బయటికి కనబడుతుంది. నేను ఎంచుకున్న ఎర్ర దారం ఆ విధంగా గోధుమ రంగుకు తిరిగింది, నాకు నచ్చక నాలుగు కట్లు మళ్లీ కట్టాను.

కట్ల మీది పూతకు వాడేది ఎపాక్సీ, రెండు ద్రవాలను కలిపితే గట్టిపడేది. దాని రెండు భాగాలనూ సిరంజితో సరిసమానంగా కొలిచి, బుడగలు రాకుండా మెల్లగా కలిపి, వెంటనే ఒక రేకు మీద పలుచగా పరవాలి. గిన్నెలోనే ఉంచితే తన వేడికి తానే త్వరగా గట్టిపడుతుంది. పూసిన తరువాత మూడు నాలుగు గంటలపాటు రాడ్డును నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి, లేకపోతే పూత ఒక పక్కకు జారి బొట్టుగా వేలాడుతుంది. మోటారు లేని నేను రెండు అట్టపెట్టెల మీద రాడ్డును ఆనించి, కొన్ని నిమిషాలకొకసారి అరచుట్టు తిప్పుతూ కూర్చున్నాను. పలుచటి పూత రెండుసార్లు వేయండి. రింగు మీద గాజుపూసలా లావుగా పోసే అలవాటు రాడ్డు కొసను బరువెక్కించి, గాలం విసరడంలో దాని చురుకును చంపుతుంది.

ఇక మీ రాడ్డులో కదులుతున్న ఆ రింగు సంగతి. దాని కట్టు మిగిలిన వాటికంటే పొడవుగా ఉన్నా, దారం రంగు వేరుగా ఉన్నా, దాని పక్క దూరాలు సమంగా లేకపోయినా, ముందుగా ఆ కొలతలు రాసుకుని, ఆ కట్టును అన్నింటి కంటే చివర విప్పండి. కింద చీలిక కనబడితే, సన్నని దారంతో బిగువుగా చుట్టి, ఎపాక్సీ పూసి, ఇరవై నాలుగు గంటలు ఆరనిచ్చిన తరువాతే పైకట్టు మొదలుపెట్టండి, రింగును మాత్రం మీ నాన్నగారు ఉంచిన చోటనే ఉంచండి.