ప్రభుత్వ బడి బాగుపడటానికి తల్లిదండ్రులు నిజంగా ఏమైనా చేయగలరా?

చేయగలరు, చట్టమే ఆ హక్కు ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికొచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఈ కమిటీ పనే, కానీ చాలా చోట్ల సభ్యులు సంతకానికే పరిమితమైపోతున్నారు, నాకు బాధ కలిగించేది ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే జరిగాయి. గోడలు, మరుగుదొడ్లు బాగయ్యాక అడగాల్సింది చదువు గురించి. ఐదో తరగతి పిల్లాడు రెండో తరగతి తెలుగు పాఠం తడబడకుండా చదవగలుగుతున్నాడా? ఒక్కరే వెళ్తే పట్టించుకోకపోవచ్చు, నలుగురైదుగురు కలిసి వెళ్లి ముందు గ్రాంటు లెక్కలు, ప్రణాళిక కాపీ అడగండి.