ఇండియన్ రైస్‌గ్రాస్ మొలవడం లేదంటే

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, రెనో నగరంలో ఏప్రిల్‌లో ఈ గడ్డి విత్తనాలు చల్లి రోజూ తడిపినా ఒక్క మొలకా రాలేదన్నారు కదండీ. విత్తనంలో లోపం లేదు, మీరు వరి నారు పోసినట్లు పోశారు. పేరులో రైస్ ఉన్నా ఇది నెవాడా ఎడారి గడ్డి. అక్కడి ఆదివాసులైన పాయూట్ ప్రజలు ఈ గింజలను రాతి మీద నూరి పిండి చేసుకునేవారు.

తెల్లని నూగున్న ఆ నల్లని గింజను గోటితో నొక్కి చూడండి, ఎంత గట్టిదో తెలుస్తుంది. ఆ పెంకు మెత్తబడాలంటే చలికాలమంతా తడి మట్టిలో ఉండాలి. నవంబరులో ఇసుక నేలలో 2 అంగుళాల లోతున వేయండి. పైపైన చల్లితే ఎలుకలకు విందే! ఎరువు వద్దు. మొలిచాక వేసవిలో దుబ్బు ఎండినట్లు కనబడితే పీకేయకండి, నిద్రపోతుందంతే. అన్నట్టు, ఇప్పుడు చల్లిన చోటు తవ్వకండి. వాటిలో కొన్ని వచ్చే వసంతంలో లేవవచ్చు.